రఖం బండితో పాటే

ఆ సోమవారం ఖాదర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఆరింటికి కారు కడగాలి. ఏడింటికి ఫోన్లో దాని ఫొటోలు పెట్టాలి. పదకొండుకల్లా అమ్మెయ్యాలి. మధ్యాహ్నం నమాజు లోపల రాయచోటికి డబ్బు పంపేసి, రూముకొచ్చి ఇంత పెరుగన్నం తిని నడుం వాల్చాలి. వీటిలో ఆయన అనుకున్నట్టు జరిగింది కారు కడగడం ఒక్కటే.

ఖాదర్‌కు యాభై మూడేళ్ళు. మస్కట్ శివారు అల్ హైల్‌లో ఒక ముసలి ఒమానీ పెద్దమనిషి దగ్గర ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా చేశాడు. అక్కడ యజమానిని అర్బాబు అంటారు. ఆ మహానుభావుడు పోతూ పోతూ తన పాత తెల్ల కారును, దాని నంబరుతో సహా, ఖాదర్ పేరు మీదికి మార్పించి పోయాడు. నెల తిరక్కుండానే కొడుకులు ఇక డ్రైవరు అక్కర్లేదన్నారు. వీసా నెలాఖరుతో సరి. ఊరికి పోక తప్పదు. పోయి ఏం చెయ్యాలో మాత్రం భార్య అక్తరీ బేగం ఎప్పుడో తేల్చేసింది.

అక్తరీ బేగం ఘుబ్రాలో ఒక ఒమానీ ఇంట్లో పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. రాయచోటి బస్టాండుకు ఎదురుగా రామాంజనేయులు అనే ఆసామి గది ఒకటి ఖాళీ అయింది. అందులో సొంతంగా బిర్యానీ హోటలు పెట్టాలన్నది ఆమె కోరిక. అడ్వాన్సు మన లెక్కలో మూడు లక్షల చిల్లర, అక్కడి లెక్కలో పద్నాలుగు వందల రియాళ్ళు. గడువు శనివారం.

"శనివారం దాటితే ఫోను కవర్లు అమ్మేటోనికి ఇచ్చేస్తాడంట," అంది ఆమె ఆ పొద్దున పనికి పోతూ. "ఇంగ ఇంకోళ్ళ పొయ్యి కాడ నిలబడే ఓపిక నాకు లేదయ్యా. సాయంత్రానికి కాళ్ళు బూరెల మాదిరి వాచ్చాండాయి."

"బోర్డు మీద ఏం పేరు రాయాల్నో నువ్వు ఆలోచించుకోపో. డబ్బు సంగతి నేను చూసుకుంటా."

"పేరు ఎప్పుడో అనుకుంటి. నువ్వు డబ్బు సంగతి చూసుకోవడమే నాకు బయం."

కారు ఫొటోలు తీయడానికి ఆమె తమ్ముడు సమీయుల్లా వచ్చాడు. కూరగాయల వ్యాను తోలుతాడు. అతనికి తెలియని విషయం లేదు, సరిగ్గా తెలిసిన విషయం అంతకన్నా లేదు. ముందు కారు నంబరు మీద తువ్వాల కప్పించాడు.

"నంబరు కనపడితే దొంగ కాయితాలు పుట్టిచ్చారు దూలాభాయ్. జమానా మంచిది కాదు."

పాత కార్లు కొనే ఆ కంపెనీ యాప్ ఇరవై ప్రశ్నలు వేసింది. కారు ఏ సంవత్సరానిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, గుద్దుకుందా, గీసుకుందా. అన్నీ నింపి నొక్కితే నిమిషంలో జవాబు వచ్చింది: పద్నాలుగు వందల యాభై రియాళ్ళు. ఖాదర్ ఫోనును కళ్ళకద్దుకున్నాడు. అడ్వాన్సు పోను ఇంకా యాభై మిగులు. ఆ యాభైతో అక్తరీకి కాళ్ళ నొప్పులకు మంచి చెప్పులు కొనాలని అక్కడికక్కడే అనుకున్నాడు కూడా.

"సంబరపడొద్దు," అన్నాడు సమీయుల్లా. "ఈళ్ళు ముందు బండి తీసుకుంటారు. ఆనక 'రఖం అలగ్' అంటారు. నా దోస్తు అఖీల్ గాడు అట్లనే ఇచ్చేసి డబ్బు కోసరం మూడు నెలలు తిరిగినాడు. యాడ అడిగినా ఒకటే మాట చెప్పు: రఖం బండితో పాటే."

"రఖం బండితో పాటే," అన్నాడు ఖాదర్. దారి పొడుగునా అదే మాట తస్బీ తిప్పినట్టు అనుకుంటూ పోయాడు.

ఇక్కడ కథ ఒక నిమిషం ఆగాలి, ఎందుకంటే ఖాదర్ ఆగలేదు. అలగ్ అంటే విడిగా. రఖం అంటే ఉర్దూలో డబ్బు, రొక్కం. అదే మాటకు అరబ్బీలో అర్థం నంబరు. ఫోను నంబరైనా, ఇంటి నంబరైనా, కారు నంబరైనా రఖమే. ఇరవై రెండేళ్ళు ఒమాన్‌లో ఉండి ఆ ముక్క తెలియదా అని మీరడగొచ్చు. తెలియదండీ. ఆయన అర్బాబు పాతకాలపు వ్యాపారి, హిందీ ఖాదర్ కంటే బాగా మాట్లాడేవాడు. ఖాదర్ అరబ్బీ కుడి, ఎడమ, ఆపు, పోనీ, ఇన్షా అల్లా దగ్గరే ఉండిపోయింది.

ఆ కారు నంబరు 7337. ఎటునుంచి చదివినా ఒకటే, పక్కన ఒంటి అక్షరం. అలాంటి నంబరు కోసం అక్కడ డబ్బున్నవాళ్ళు పడి చస్తారు. కారు అమ్మేసినా నంబరును విడిగా తన పేరున అట్టే పెట్టుకోవచ్చు. పెట్రోలు బంకుల్లో ఒమానీ కుర్రాళ్ళు కారు వెనక నిలబడి "రఖం జైన్!" అని బొటనవేలు ఎత్తి చూపించినప్పుడల్లా, ఈ కారుకు మంచి డబ్బొస్తుందంటున్నారని ఖాదర్ పొంగిపోయేవాడు. ఒక రకంగా వాళ్ళు అన్నదీ అదే.

కంపెనీ యార్డులో కారును పరీక్ష చేసే మనిషి పేరు అనీస్. హైదరాబాదువాడు. ఖాదర్ ఫోన్లో సమీయుల్లాతో మాట్లాడుతుంటే విని, "అరె, మీరు మనోళ్ళే చాచా! ఫికర్ చేయకుండ్రి, నేనున్న గద," అన్నాడు. పరాయి దేశంలో మన మాట వినపడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఖాదర్ తాళాలతో పాటు నమ్మకాన్ని కూడా అతని చేతిలో పెట్టాడు.

అనీస్ చిన్న మిషను ఒకటి తీసి కారు ఒళ్ళంతా ఆనించాడు. డిక్కీ దగ్గర అది కీచుమంది.

"డిక్కీకి రెండోసారి రంగేసిండ్రు చాచా. నూట యాభై పోతది."

"అర్బాబు మనవడు సైకిల్‌తో గీసినాడు నాయనా, పదేండ్ల కిందట!"

"మిషన్‌కు సైకిల్ గీకల్ తెల్వదు చాచా. ఏసీ కూడ చప్పుడొస్తుంది. వంద."

"చల్లగ ఉండాదా లేదా?"

"చల్లగుంది. కని చప్పుడొస్తుంది."

"చప్పుడు లేకుండా చల్లగుండేది పీనుగొక్కటే!"

"టైర్లు మంచిగున్నయి, కని వాటి పుట్టిన తేదీ పాతది. ఎనభై."

"నా పుట్టిన తేదీ అంతకంటే పాతది. నన్నెంతకు తగ్గిస్తావు చెప్పు!"

అనీస్ నవ్వాడు గానీ తగ్గించడం ఆపలేదు. సీటు చిరుగుకింత, అద్దం మీద గీతకింత అంటూ ముగించేసరికి తెర మీద తొమ్మిది వందల తొంభై నిలిచింది. ఖాదర్‌కు ఏడుపొక్కటే తక్కువ. అమ్మకపోతే వీసా అయిపోతుంది. అమ్మితే హోటలుకు నాలుగు వందలు తక్కువ. ఉన్నదైనా చేతికి వస్తే చాలుననుకుని కౌంటరు దగ్గరికి పోయి కూర్చున్నాడు.

కౌంటర్లో ఖతీజా అనే ఒమానీ అమ్మాయి ఉంది. వచ్చీరాని హిందీ. ఆమె కిటికీలోంచి కారు నంబరు చూసింది, కంప్యూటరు చూసింది, మళ్ళీ ఒకసారి కారు చూసింది. తర్వాత ఖాదర్ వైపు కొంచెం వంగి, అతని మంచి కోరి, మెల్లగా అడిగింది.

"బాబా, రఖం అలగ్?"

ఖాదర్ కుర్చీలోంచి సగం లేచాడు. సమీయుల్లా చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది!

"అలగ్ లేదు గిలగ్ లేదు! రఖం గాడీకే సాథ్!"

పెద్దాయనకు అర్థం కాలేదనుకుంది ఆ అమ్మాయి. వేళ్ళతో బల్ల మీద గీసి చూపిస్తూ విడమరిచి చెప్పింది. "గాడీ హమ్‌కో దో. రఖం తుమ్హారా నామ్ పే. మై కాగజ్ దేతా."

"వింటివా నాయనా?" ఖాదర్ అనీస్ వైపు తిరిగాడు. "బండి వాళ్ళకంట! డబ్బు నా పేరు మీద ఉంటాదంట, నాకు కాయితం ఇచ్చాదంట! శనివారం అడ్వాన్సు కింద ఆ కాయితం ఇయ్యాల్నా?"

అనీస్‌కు ఉర్దూ, అరబ్బీ రెండూ వచ్చు. ఎవరు ఏ రఖం గురించి మాట్లాడుతున్నారో ఆ గదిలో తెలిసిన మనిషి అతనొక్కడే. చాచా, ఆ పిల్ల నంబరు గురించి అడుగుతోంది అని చెప్పడానికి ఐదు సెకన్లు చాలు. ఆ ఐదు సెకన్లూ అతను పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. ఛీ, మనోడట మనోడు!

ఖతీజా పట్టువదలలేదు. నాలుగు వేళ్ళు ఎత్తి చూపించింది. "బాబా, చార్ నంబర్‌వాలా రఖం. బహుత్ అచ్ఛా!"

ఖాదర్ తెర వైపు చూశాడు. తొమ్మిది వందల తొంభై. మూడంకెలు. నోటితో నాలుగంకెలు చెప్పి తెర మీద మూడంకెలు వేస్తుందా? ఆయన ఓపిక అయిపోయింది. లేచి నిలబడి బల్ల మీద గుద్దాడు.

"హా! చార్ నంబర్ కా రఖం! గాడీకే సాథ్! అభీ! చోర్ కంపెనీ, చోర్ లడ్కీ!"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. కళ్ళు దించుకుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది. అనీస్ అప్పుడు నోరు తెరిచి, ఆ అమ్మాయితో హిందీలో అన్నాడు. "చాచా చెప్పినట్టే రాయి. రఖం గాడీకే సాథ్. ఇంకో పది వేసి పూరా వెయ్యి చెయ్యి."

పది రియాళ్ళు పెరిగాయి! ఖాదర్ ఛాతీ విరుచుకుని మూడు చోట్ల సంతకం పెట్టి, వాళ్ళిచ్చిన టీ తాగి, వెయ్యి రియాళ్ళూ జేబులో వేసుకుని నడిచొచ్చాడు. గట్టిగా అడిగితే గానీ ఈ లోకంలో న్యాయం జరగదని దారిలో సమీయుల్లాకు ఫోన్లో ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"నాలుగొందలు తక్కువ," అంది అక్తరీ బేగం సాయంత్రం. అరవలేదు. చున్నీ కొసతో ముఖం తుడుచుకుంది. "మామాను అడుగుతా. నోరు తెరిచి ఆమెను ఏనాడూ ఒక్క పైసా అడగలా."

మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు. అక్కడ పనివాళ్ళు ఇంటావిడను మామా అనీ, ఇంటాయనను బాబా అనీ అంటారు. మామా చెడ్డది కాదు. మంగళవారం అంతా విని, "పదకొండేళ్ళు నా పిల్లలకు వండిపెట్టావు. పేదవాళ్ళకని ఏటా పక్కన పెట్టే డబ్బులోంచి ఇస్తాను. శుక్రవారం మా ఇంట్లో విందు ఉంది, నలభై మందికి నీ బిర్యానీ. అది కాగానే నాలుగు వందలు తీసుకుని పో," అంది. అక్తరీ బేగం ఆ రోజు బస్సులో ఎన్నాళ్ళకో నవ్వుకుంటూ వచ్చింది. బోర్డుకు ఏ రంగు బాగుంటుందని మొగుణ్ణి అడిగింది.

బుధవారం సమీయుల్లా పరుగెత్తుకొచ్చాడు. అదే కంపెనీ, అదే యాప్. కార్ల పక్కన ఇంకో పేజీ ఉంది, నంబర్లు అమ్మే పేజీ. అందులో 7337. ధర ఆరు వేల ఐదు వందల రియాళ్ళు. పైన అరబ్బీలో రాసిన మాటను, ఖురాను చదివే అక్షరాలే కాబట్టి, సమీయుల్లా వేలు పెట్టి చదివించాడు.

"ర... ఖం," అన్నాడు ఖాదర్. అని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి రోడ్డు మీదికి పరుగెత్తాడు.

టాక్సీ పట్టుకుని యార్డుకు పోయాడు. అనీస్ లోపలున్నాడు గానీ బయటికి రాలేదు. ఖతీజా కాగితం తీసి ముందు పెట్టింది. అందులో రఖం కారుతో పాటే అని ఉంది, కింద ఆయన సంతకం ఉంది.

"మూడుసార్లు అడిగాను బాబా," అంది ఆమె తన హిందీలో. "నువ్వు నన్ను దొంగ అన్నావు. ఈ ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. ఆ రోజంతా అన్నం తినలేదు నేను." కాగితం మళ్ళీ ఫైలులో పెట్టుకుంటూ చెప్పింది. "నంబరు ఇందాకే అమ్ముడుపోయింది."

ఖాదర్ రెండు చేతులూ జోడించాడు. తనను కాపాడాలని చూసిన ఒకే ఒక్క మనిషిని నలుగురిలో దొంగ అన్నందుకు ఆయనకు నిజంగా సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇంకో తప్పు చేశాడు. ఇంటికొచ్చి సమీయుల్లా చేత ఒట్టు వేయించుకున్నాడు. "మీ అక్కకు చెప్పినావంటే నా శవాన్ని చూసినట్టే. ఎట్లా మామా నాలుగొందలు ఇచ్చాంది, హోటలు వచ్చాది. ఇంగ ఆ మాటెందుకు?"

శుక్రవారం జుమా నమాజయ్యాక ఘుబ్రాలో విందు. డేగిసాలు దించడానికి అక్తరీ బేగం మొగుణ్ణి కూడా తీసుకుపోయింది. గేటు దాటగానే నల్లని కొత్త కారు పూలదండలతో నిలబడి ఉంది. దాని ముందు ప్లేటు మీద 7337. ఖాదర్ చేతిలోని గరిటె జారి కాలి మీద పడింది.

విందు ఆ నంబరు కోసమే. బాబా పెద్ద కొడుక్కి కారు కొనిచ్చి, దానికి ఈ నంబరు వెతికి వెతికి తెచ్చాడట. మగవాళ్ళు కూర్చున్న గదిలోకి ఖాదర్ బిర్యానీ తాంబాళం మోసుకుపోయేసరికి, ఒక ముసలి అతిథి ఆయన ముఖాన్ని పట్టి పట్టి చూసి, హిందీలో అడిగాడు.

"నువ్వు అల్ హైల్ డ్రైవరువి కదూ? ఈ నంబరు మీ అర్బాబుది. నీకిచ్చి పోయాడని విన్నాను."

నలభై జతల కళ్ళు ఖాదర్ మీద పడ్డాయి.

"నీదా?" బాబా ఆశ్చర్యపోయాడు. "వాళ్ళకు నేను ఆరు వేలు ఇచ్చాను! నీకెంత ఇచ్చారు?"

నిజం నాలిక కొస దాకా వచ్చింది. ఏమీ ఇవ్వలేదు బాబా, రఖం అంటే డబ్బనుకున్నాను అనాలి. అంటే ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. ఇరవై రెండేళ్ళున్న మనిషికి ఒక్క మాట తెలియలేదా అని ఇల్లిల్లూ చెప్పుకుంటారు. చేతిలో తాంబాళం బరువుగా ఉంది.

"మంచి రఖమే ఇచ్చినారు బాబా," అన్నాడు.

"ఐదు వేలైనా ఇచ్చుంటారు!"

"ఆ... అటూ ఇటుగా అంతే."

"మాషా అల్లా!" అన్నారు అందరూ. ముసలాయన లేచి భుజం తట్టాడు. వంటింటి వైపు తెర పక్కన నిలబడ్డ మామా తెర వదిలేసి వెనక్కి పోయింది.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అక్తరీ కోసం సిద్ధం చేసిన కవరులోంచి నాలుగు వందలు తీసి తన సంచీలో పెట్టుకుంటూ, "అక్తరీ, నీ మొగుడికి ఐదు వేలు వచ్చాయట. సంతోషం. ఇది లేనివాళ్ళకు ఇవ్వాల్సిన డబ్బు. ఉన్నవాళ్ళకిస్తే పైవాడు నన్ను అడుగుతాడు," అంది. అక్తరీ బేగం ఎంత మొత్తుకున్నా ఆమె నమ్మలేదు. నలభై మంది ముందు మొగుడే ఒప్పుకున్నాక పెళ్ళాం మాట ఎవరు నమ్ముతారు?

పెరట్లో డేగిసాల పక్కన ఖాదర్ అంతా చెప్పాడు. రఖం గురించి, ఖతీజా గురించి, అనీస్ పెన్ను మూత గురించి. లోపలికి పోయి ఇప్పుడే నిజం చెప్పేస్తానన్నాడు.

"ఇంగేం చెప్తావు? ఇప్పుడు చెప్తే డబ్బు కోసరం అబద్ధమాడతాండావంటారు," అంది అక్తరీ బేగం. "బుధవారమే నాకు చెప్పింటే మామా కాళ్ళమీద పడి ఇంకో వంద ఎక్కువే తెచ్చుకుందును. పోనీ ఆ గదిలోనన్నా, నేను వెర్రోణ్ణి బాబా అని ఒక్క మాట అనింటే నా హోటలు నాకు దక్కేది. ఇరవై ఆరేండ్లుగా నాకొక్కదానికే తెలిసిన సంగతి ఇంకో నలభై మందికి తెలిస్తే నీ సొమ్మేం పోయె?"

ఆమె లేచి నీళ్ళు పట్టి, ఒంటిచేత్తో డేగిసా తోమడం మొదలుపెట్టింది. ఆయన సాయానికి వస్తే వద్దంది.

శనివారం గడిచిపోయింది. ఆదివారం అక్తరీ బేగం అదే ఇంట్లో ఇంకో రెండేళ్ళకు కాగితం మీద వేలిముద్ర వేసింది. నెలాఖరుకు ఖాదర్ ఒక్కడే వెయ్యి రియాళ్ళతో రాయచోటిలో బస్సు దిగాడు. ఎదురుగా ఆ గదిలో ఫోను కవర్లు రంగురంగులుగా వేలాడుతున్నాయి. ఒమాన్‌లో నంబరు అమ్మి ఐదు వేల రియాళ్ళు కొట్టాడన్న కబురు ఆయనకంటే ముందే ఊరు చేరింది. పెట్టె కింద పెట్టకముందే ముగ్గురు చేబదులు అడిగారు, అందులో మొదటివాడు ఆ గది ఆసామి రామాంజనేయులు.